గాజుపోగు పిల్లల చేతికి రావాలి

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండలో మా వీధి పక్కన కాలువ తీసి ఫైబర్ కేబుల్ వేశారు. తవ్వింది చుట్టుపక్కల ఊళ్ల యువకులే. కేబుల్‌లోని గాజుపోగులు అతకడానికి మాత్రం హైదరాబాద్ నుంచి మనిషి వచ్చేదాకా రెండు రోజులు పని ఆగింది. తవ్వేవారిలో ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి ఉన్నాడు. "సార్, ఇందులో కరెంటు పోతుందా?" అని అడిగాడు. సంపూర్ణాంతర పరావర్తనం, అంటే గాజు అంచున వెలుగు బయటికి పోకుండా లోపలికే తిరిగి రావడం, అతనికి చెప్పింది నేనే. బోర్డు మీద కిరణాలు గీశాను, నిర్వచనం రాయించాను, పోగును మాత్రం ఒక్కసారీ చూపలేదు. ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు.

అందులో పోయేది కంటికి కనబడని పరారుణ కాంతి. వెంట్రుకంత గాజుపోగు నడుమ, సుమారు 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దారిలో పరుగెడుతుంది. ఆ దారి వేయడానికి ఎంతకాలం పట్టిందో పిల్లలకు కథలా చెప్పవచ్చు. 1854లో జాన్ టిండాల్ లండన్‌లో నీటిధార వెంట వెలుగు వంగి సాగడం చూపించాడు. సరిగ్గా వందేళ్లకు, పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలిసి గాజుపోగుల కట్ట గుండా బొమ్మను పంపాడు. 1960లో థియోడర్ మైమాన్ కెంపు కడ్డీతో తొలి లేజర్‌ను వెలిగించాడు. కాంతి ఉంది, దారి ఉంది. కానీ ఆనాటి గాజు కొద్ది దూరంలోనే కాంతిని మింగేసేది.

తప్పు గాజుది కాదు, అందులోని ఇనుము వంటి మలినాలదని 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ తేల్చారు. కిలోమీటరు దాటాక నూటికి ఒక వంతు కాంతి మిగిలినా టెలిఫోను మాటలు పంపవచ్చని లెక్క కట్టారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ ఆ లెక్కను మించిన పోగు తీసింది. నేటి మేలిరకం పోగులో అదే ఒక వంతు వంద కిలోమీటర్ల తర్వాత కూడా మిగులుతుంది. అంటే హన్మకొండలో వెలిగిస్తే దాదాపు భువనగిరి దాకా! ఈ కృషికి కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. కపానీకి అందులో భాగం దక్కకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

కాంతిని పనిలో పెట్టే ఈ సాంకేతిక విద్యను ఫోటానిక్స్ అంటారు. ఫోటానిక్స్ అంటే ఇంటర్నెట్ ఒక్కటే కాదు, కంటి ఆపరేషన్ల లేజర్లూ, ఇనుప రేకులు కోసే యంత్రాలూ ఆ కోవలోవే. ఇంత పని నడుస్తున్న రంగంలో మన జిల్లాల పిల్లలకు తవ్వే కూలి ఒక్కటే మిగలడం అన్యాయం. పోగు చివరలను శుభ్రంగా కోసి, విద్యుత్ మెరుపుతో కరిగించి అతకడం, ఓటీడీఆర్ యంత్రంతో ఎక్కడ తెగిందో పట్టుకోవడం ఐటీఐలో నేర్పగల పనులే. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసే ఇళ్లలో తెగిన పోగును అతకడం చూస్తూ పెరిగిన పిల్లలకు చేతి నేర్పు ఎవరూ కొత్తగా అరువివ్వనక్కరలేదు. వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాల ఐటీఐలలో ఈ కోర్సును, యంత్రాలతో సహా, ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. 1959 నుంచి ఇంజనీర్లను తయారు చేస్తున్న మన నిట్, 1976లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయం ఏడాదికి కొన్ని రోజులైనా తమ ప్రయోగశాలలను ప్రభుత్వ బడుల పిల్లలకు తెరిచి, తెలుగులో వివరించాలని వేడుకుంటున్నాను.

బడులకు పెద్ద ఖర్చేమీ లేదు. ఫిబ్రవరి 28న, కాంతి పరిక్షేపణంలో రామన్ ఫలితాన్ని సి.వి. రామన్ కనుగొన్న రోజున, వ్యాసరచన పోటీలతో పాటు గదిని చీకటి చేయండి. నీళ్ల సీసాకు చిన్న రంధ్రం పెట్టి, ఎదుటి వైపు నుంచి లేజర్ పాయింటర్ వేయండి, ఎవరి కళ్లలోనూ పడకుండా. ధారతో పాటు వెలుగు వంగుతుంది. ఆ తర్వాత రెండు మీటర్ల గాజుపోగును పిల్లల చేతికివ్వండి. పదో తరగతికి పరీక్షల ఒత్తిడి ఉంటుంది కనుక, ముందు తొమ్మిదో తరగతితో మొదలుపెట్టండి. పోగు దొరకని బడికి నేను తెచ్చి ఇస్తాను.

— విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, హన్మకొండ