ఆఖరి జానెడు

అమ్మలూ,

నిన్న రిమ్ముకి టైరు ఎక్కిస్తూ, ఫోన్‌లో నువ్వు రొప్పుతూ "అంతా ఎక్కింది నాన్నా, ఆఖరి జానెడే మొరాయిస్తోంది" అంటే నాకు నవ్వాగలేదు. కోప్పడకు. ఆ జానెడు దగ్గర ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నవాణ్ణే నేనూ. ఫోన్‌లో చెబితే సగం నీ చెవిన పడదు, అందుకే రాస్తున్నాను.

పాత టైరు ఊడదీసేదాకా బాగానే చేశావు. ముందు వాల్వు పిన్ను తీసి గాలంతా పోనిచ్చావు. బీడ్‌ని, అంటే రిమ్ముని పట్టుకుని ఉండే టైరు అంచుని, ఊడగొట్టేటప్పుడు మిషన్ పలకని టైరు పక్కగోడ మధ్యలో కాకుండా రిమ్ము అంచుకి ఆనించి, ఒకేచోట బాదకుండా టైరు తిప్పుకుంటూ కొంచెం కొంచెంగా నొక్కావు. ఏళ్ళ తరబడి తుప్పుతో అతుక్కుపోయిన టైరుకి అదే మందు. ఛేంజర్‌ని, అదే ఆ టైర్లు మార్చే చేతి మిషన్‌ని, నేలకి బోల్టులతో బిగించమని నేను సతాయించింది ఎందుకో కూడా ఈపాటికి అర్థమై ఉంటుంది. లేకపోతే టైరు కదలదు, మిషనే నీ చుట్టూ తిరుగుతుంది.

ఇక ఎక్కించడం. కింది బీడ్ సబ్బునీళ్ళకే జారి కూర్చుంటుంది, దాంతో మనకు లేనిపోని ధైర్యం వస్తుంది. పరీక్షంతా పైదానితోనే. అది పైకి రబ్బరే కానీ లోపల ఉక్కు తీగల చుట్ట ఉంది. అది సాగదు. టైరు ఎక్కించే కడ్డీ మీద నువ్వు వేలాడినా సాగదు. మరీ మొండికేస్తే తెగుతుంది, తెగితే ఆ టైరు చెత్తలోకే.

బిగుతు గాజు తొడుక్కునేటప్పుడు గాజుని సాగదీస్తావా? బొటనవేలు అరచేతిలోకి ముడిచి చేతినే సన్నం చేసుకుంటావు. రిమ్ముకి ఆ ముడుపు దాని నడుమున్న పల్లమే. నువ్వు కడ్డీ పట్టుకున్నచోటికి సరిగ్గా ఎదుటివైపు బీడ్ ఆ పల్లంలోకి దిగి ఉండాలి. అక్కడ ఎంత దిగితే ఇక్కడ అంత వదులు. నీకు జరిగింది ఇదే అయ్యుంటుంది: కళ్ళన్నీ కడ్డీ కొన మీద పెట్టావు, వెనకాల బీడ్ చడీచప్పుడు లేకుండా పల్లంలోంచి పైకి వచ్చేసింది. అక్కడ మోకాలితో అదిమిపట్టు. తరవాత కడ్డీ తిప్పు, రెండు వేళ్ళ బలం చాలు. అంతకంటే బలం కావాల్సి వచ్చిందంటే ఆగిపోయి వెనక్కి చూడు.

అన్నట్టు, రిమ్ముని ఎటు తిప్పి బిగించావు? పల్లం చాలా రిమ్ములకి నట్టనడుమ ఉండదు, ఒక వైపుకి జరిగి ఉంటుంది. ఎక్కువగా బయటికి కనపడే ముఖం వైపు. పల్లానికి దగ్గరగా ఉన్న ఆ వైపే పైకి ఉండాలి. తలకిందులుగా పెట్టి ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. నేను పోగొట్టుకున్న ఆ మధ్యాహ్నం కథ అదే.

జారడానికి సబ్బునీళ్ళో, టైర్లకని అమ్మే పేస్టో రాయి. ఒకసారి తెలివి ఎక్కువై ఇంజన్ ఆయిల్ రాశాను. వెన్నలా ఎక్కింది. కానీ ఆయిల్ రబ్బరుని పాడుచేస్తుంది, పైగా ఆరదు. గట్టిగా బ్రేకు వేస్తే టైరు ఒకచోట ఉండి రిమ్ము జారిపోవచ్చు. మళ్ళీ ఊడదీసి, తుడిచి, మొదటినుంచీ.

ఎక్కాక గాలి కొట్టడం. మిగతావాటిలో తప్పు చేస్తే చెయ్యి గీసుకుంటుంది, ఇందులో తప్పు చేస్తే ప్రాణానికే ముప్పు. గొట్టం పొడుగ్గా, వాల్వుకి దానంతటదే పట్టుకునే క్లిప్పుతో ఉండాలి. నువ్వు టైరు మీదికి వంగకుండా పక్కకి నిలబడాలి. టప్పు, టప్పు అని రెండు చప్పుళ్ళు వినపడితే రెండు బీడ్‌లూ కూర్చున్నట్టు. 40 పి.ఎస్.ఐ. దాకా వచ్చినా కూర్చోకపోతే ఇంకొంచెం, ఇంకొంచెం అనకు. గాలి వదిలెయ్యి, మళ్ళీ సబ్బు రాయి, మళ్ళీ మొదలుపెట్టు. స్ప్రే కొట్టి నిప్పంటించి "ఢాం" అని కూర్చోబెట్టే విద్య చూసే ఉంటావు. నా మిషన్ మీద ఆ సరదా వద్దు.

ఇంతకీ షెడ్డులో దాచినవే కదా ఎక్కిస్తున్నావు? పక్కగోడ మీద డాట్ (DOT) అని ఉన్న వరసలో చివరి నాలుగంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. పదేళ్ళు దాటితే గాడులు ఎంత లోతున్నా వద్దు. అంతకు లోపు వయసున్నా పక్కగోడ బీటలు వారితే వద్దు. చూడ్డానికి కొత్తగా ఉందని మురిసిపోకు, రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాడుల మధ్య చిన్న మిట్టలు ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తున. టైరు వాటితో సమానంగా అరిగిందంటే అసలు ఎక్కించే పనే పెట్టుకోకు. రబ్బరు వాల్వు మాత్రం ఎటూ టైరు విప్పావు కాబట్టి కొత్తది వేసేయి.

బ్యాలెన్సింగ్ బయట చేయించు, అందులో నాకు పట్టుదల లేదు. చక్రాన్ని బండికి తగిలించేటప్పుడు నట్లు పక్కపక్కవి కాకుండా ఎదురెదురువి బిగించు, ఓ 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి స్పానర్ వేసి చూడు.

ఆ జానెడు ఎక్కగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, తీస్తాను.

నాన్న

తా.క. విప్పిన వాల్వు పిన్ను ఎక్కడ పెట్టావో ఇప్పుడే వెతుక్కో.