చివరి పాటకు ముందే బస్సెక్కించినందుకు ఫిర్యాదు

మహబూబ్‌నగర్,
5 ఆగస్టు 2024.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: జులై 7న లండన్ వేంబ్లీ స్టేడియంలో జరిగిన ఏసీ/డీసీ రాక్ బ్యాండ్ కచేరీకి చెప్పిన సీట్లు ఇవ్వకపోవడం, కచేరీ పూర్తికాకముందే మమ్మల్ని బయటికి తీసుకురావడం, వసూలు చేసిన టీసీఎస్ (టూర్ డబ్బుతోపాటే మీరు వసూలు చేసి మా పేరున ప్రభుత్వానికి కట్టాల్సిన ఆదాయపు పన్ను) జమ కాకపోవడం గురించి.

అయ్యా,

మా అన్నయ్య, నేను మీ హైదరాబాద్ బ్రాంచిలో లండన్–ప్యారిస్ టూర్ బుక్ చేసుకున్నాం. ఏప్రిల్, మే నెలల్లో రెండు విడతలుగా మనిషికి 3,20,000 రూపాయలు కట్టాం. దాని మీద 5 శాతం టీసీఎస్ కింద మరో 16,000 తీసుకున్నారు. మీ ఇన్వాయిస్‌లో కచేరీకి మనిషికి 61,000 అని విడిగా ఉంది. అందులో 28,000 కింది అంతస్తు సీటు కోసం మేం అడిగి మరీ అదనంగా కట్టింది.

తిరిగొచ్చాక నేను పంపిన ఫిర్యాదుకు మీ వాళ్ళు మెయిల్‌లో జవాబిచ్చారు. కచేరీలో ఎక్కువ భాగం చూశాం కాబట్టి సేవ అందినట్టేనట. వచ్చే టూర్‌కు 5,000 రూపాయల కూపన్ ఇస్తారట. ఆ కూపన్ మాకు వద్దు. ఆ జవాబు ఎందుకు ఒప్పుకోలేమో వివరంగా రాస్తున్నాను, దయచేసి పూర్తిగా చదవండి.

మేము లండన్ వెళ్ళింది ఆ కచేరీ కోసమే. ఈ మాట బుకింగ్ రోజే మీ కౌంటర్‌లో చెప్పాం. మా అన్నయ్యకు క్లాక్ టవర్ దగ్గర రేడియోలు, టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే షాపు ఉంది. కుర్రతనంలో కోఠి నుంచి తెచ్చుకున్న క్యాసెట్‌తో ఆయనకు ఈ బ్యాండ్ పరిచయమైంది. రిపేరు చేసిన ప్రతి స్పీకరునూ ఇప్పటికీ వాళ్ళ పాట పెట్టే పరీక్షిస్తాడు. నాకు ఇంగ్లీషు పాట వినడం నేర్పింది కూడా ఆయనే. 1980 ఫిబ్రవరిలో ఆ బ్యాండ్ గాయకుడు బాన్ స్కాట్ లండన్‌లోనే చనిపోయాడు. అదే ఏడాది జులైలో అతని జ్ఞాపకంగా నల్లట్ట వేసి 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బమ్ విడుదల చేశారు. అది గంట మోతతో మొదలవుతుంది. ఆ గంట మోత లండన్‌లోనే వినాలన్నది అన్నయ్య ఎన్నో ఏళ్ళ కోరిక. బాన్ స్కాట్ స్థానంలోకి వచ్చిన బ్రయాన్ జాన్సన్ 2016లో వినికిడి పూర్తిగా పోతుందని డాక్టర్లు హెచ్చరిస్తే టూర్ మధ్యలో ఆపేశాడు. మళ్ళీ కోలుకుని 2023లో బ్యాండుతో వేదిక ఎక్కాడు. ఆయనకిప్పుడు 76 ఏళ్ళు, గిటారు వాయించే ఆంగస్ యంగ్‌కు 69. రెండో గిటారు వాయించిన మాల్కమ్ యంగ్ 2017లోనే పోయాడు. ఈసారి కాకపోతే ఇంకోసారి చూద్దాంలే అనుకునే వీలు లేదు మాకు.

ఇక జరిగింది చెప్తాను. ఆ రోజు మధ్యాహ్నం బస్సును మీ టూర్ మేనేజర్ ప్రోగ్రామ్‌లో లేని ఒక సావనీర్ల దుకాణం దగ్గర ఆపారు. ఆలస్యమవుతోందని అన్నయ్య రెండుమూడుసార్లు గుర్తుచేశాడు. కచేరీ రోజుల్లో వేంబ్లీ చుట్టుపక్కల కొన్ని రోడ్లు మూసేస్తారని, ముందే బయలుదేరాలని లండన్‌కు బృందాలను తీసుకెళ్ళే మీకు తెలియకుండా ఉండదు. మేం లోపలికి వెళ్ళేసరికి మొదటి అరగంట అయిపోయింది. గేటు దగ్గర ఫోన్‌లో టికెట్ చూపించేదాకా మా సీట్లెక్కడో మాకు తెలియనివ్వలేదు. అవి 500 సిరీస్ బ్లాకులో, అంటే అన్నిటికన్నా పై అంతస్తులో, వేదికకు పక్కగా ఉన్నాయి. వేలాడదీసిన స్పీకర్ల వరస అడ్డొచ్చి వేదిక సగం కనిపించలేదు. గంట మోగే పాట మేం కూర్చోగానే మొదలైంది. అన్నయ్య మెడ పక్కకు వంచి, లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని గంట కోసం చూస్తూనే ఉన్నాడు. మోత వినబడింది, గంట మాత్రం మా సీటులోంచి కనబడలేదు. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం ఆన్‌లైన్ రీసేల్ సైట్లలో టికెట్‌ను మళ్ళీ అమ్మేవాళ్ళు బ్లాకు, వరస, సీటు నంబరు, టికెట్ మీది అసలు ధర కొనేవాళ్ళకు ముందే చెప్పాలి. మీరు వీటిలో ఒక్కటీ చెప్పలేదు. నేను మెయిల్‌లో అడిగినా ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాం. అసలు బాధ తర్వాతిది.

ఈ బ్యాండ్ కచేరీ ఫిరంగుల పాటతో ముగుస్తుంది. 1981 నుంచీ వాళ్ళ ఆనవాయితీ అది. వేదిక మీద ఫిరంగులు పేలాకే జనం ఇంటిదారి పడతారు. ఆంగస్ ఒక్కడే చాలాసేపు గిటారు వాయించే ఘట్టం జరుగుతుండగా టూర్ మేనేజర్ మా వరసలోకి వచ్చి లేవమన్నారు. పొద్దున్నే ప్యారిస్ రైలు ఉందని, గ్రూప్ అంతా కలిసే వెళ్ళాలని చెప్పారు. మేం ఉంటామని, మెట్రోలో వచ్చేస్తామని బతిమాలుకున్నాం. మా హోటల్ స్ట్రాట్‌ఫర్డ్‌లో. వేంబ్లీ పార్క్ స్టేషన్‌లో జూబ్లీ లైన్ ఎక్కితే ఎక్కడా మారకుండా అక్కడే దిగొచ్చు. ఆయన వినలేదు. మా పాస్‌పోర్టులు ఆయన బ్యాగులో ఉన్నాయి. పరాయి దేశంలో అవి లేకుండా ఆగే ధైర్యం ఎవరికుంటుంది? లేచి వచ్చాం.

బస్సు దగ్గరికి చేరాక స్టేడియం వైపు నుంచి ఫిరంగుల మోత వినిపించింది. "అగో చెల్లె, పేలుతున్నయ్" అన్నాడు అన్నయ్య. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టినవాడు పెట్టినట్టే నిలబడిపోయాడు. ఎక్కమని డ్రైవర్ హారన్ కొట్టాడు. ఎక్కాం. కానీ బస్సు కదలలేదు. రోడ్డు ఇంకా తెరవలేదు. మేం కూర్చునే ఉన్నాం, కచేరీ పూర్తిగా చూసినవాళ్ళు తలల మీద ఎర్రగా వెలిగే కొమ్ములు పెట్టుకుని పాడుకుంటూ మా కిటికీల పక్కనుంచే వెళ్ళిపోయారు. వాళ్ళంతా వెళ్ళాకే మా బస్సు బయలుదేరింది. అంటే చివరి పాటలు విని వచ్చినా మీకు ఒక్క నిమిషం నష్టమయ్యేది కాదు. మీ టూర్ మేనేజర్‌కు ఆ రోడ్ల సంగతి తెలియదనుకోను. ఒకవేళ తెలియకపోతే ఆయనను ఆ బృందంతో పంపడం మీ తప్పు.

ఎక్కువ భాగం చూశారుగా అని రాసినవారు ఒక సంగతి ఆలోచించాలి. మా జిల్లాలో కురుమూర్తి జాతర జరుగుతుంది. జాతరకని తీసుకుపోయి, స్వామివారి ఉద్దాలు (పాదుకలు) రాకముందే బస్సెక్కించి, దుకాణాలన్నీ చూశారుగా అంటే ఎవరైనా ఊరుకుంటారా? కచేరీని గంటల లెక్కన కొలిచి, ఇంత చూశారు కాబట్టి ఇంత అందింది అనడం కుదరదు. మొదలు పోయింది, చివర పోయింది, మధ్యలో దొరికింది కూడా సగం వేదికే.

మేం కోరేది ఇది. కచేరీ కింద ఇద్దరి దగ్గరా తీసుకున్న 1,22,000 రూపాయలు పూర్తిగా వాపసు చేయండి. టీసీఎస్ కింద తీసుకున్న 32,000 మా పేరున జమైన పన్ను చూపించే ఫారం 26ఏఎస్‌లో ఇద్దరికీ ఇంతవరకు కనిపించలేదు. జూన్‌తో ముగిసిన త్రైమాసికానికి మీరు రిటర్ను వేసి, టీసీఎస్ సర్టిఫికెట్ అయిన ఫారం 27డి ఇచ్చే గడువు జులై ఆఖరుకే అయిపోయింది. ఆ డబ్బు మా పాన్‌ల మీద వెంటనే జమ చూపించి సర్టిఫికెట్లు పంపండి. ఆ టికెట్ల అసలు ధర ఎంతో రాతపూర్వకంగా తెలపండి. ప్రయాణికుల పాస్‌పోర్టులు టూర్ మేనేజర్ దగ్గర పెట్టుకునే పద్ధతి మానేయండి. ఇది మా ఇద్దరి కోసమే అడగడం లేదు. ఆ రాత్రి మాతోపాటు లేచి వచ్చిన ఖమ్మం దంపతులు కూడా ఇదే మాట అన్నారు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మేముండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా సరే. ఇన్వాయిస్, రసీదులు, టికెట్ల స్క్రీన్‌షాట్లు, మా సీట్లలోంచి తీసిన ఫోటోలు, మీ మెయిల్ నకలు దీనితో జతచేశాను. ఈసారి జవాబు కాల్ సెంటర్ నుంచి కాకుండా బాధ్యత గల అధికారి సంతకంతో, మా అన్నయ్య పేరున పంపండి.

ఇట్లు,
అన్నయ్య తరఫున, నా తరఫున,
మీ జులై బృందంలోని ప్రయాణికురాలు,
న్యూటౌన్, మహబూబ్‌నగర్.