తప్పిన టెస్టుల పేజీని చింపేయమనకండి

సంపాదకుల వారికి,

అయ్యా,

గోదావరి డెల్టాలోని ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి ఏడాది ప్రాజెక్టుగా లైనక్స్ వ్యవస్థను సోర్స్ (మనుషులు రాసిన మూల కోడ్) నుంచి కంపైల్ చేసి, అంటే యంత్రం నడపగల రూపంలోకి మార్చి, నిర్మించడాన్ని ఎంచుకునే విద్యార్థులు కొందరు ఉన్నారు. అమలాపురం పరిసరాల్లో అలాంటి వారికి ల్యాబులో తోడ్పడే వ్యక్తిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పని మొత్తంలో కీలకమైన ఘట్టం, జీలిబ్‌సీ అని అందరూ పిలిచే గ్ను సీ లైబ్రరీని కట్టడం, కట్టాక దాని టెస్టులు నడపడం. ఆ టెస్టుల్లో కొన్ని తప్పుతాయి. ఒక కళాశాలలో మౌఖిక పరీక్షకు ముందు, తప్పిన టెస్టుల పేర్లున్న పేజీని రిపోర్టులోంచి తీసేసి రమ్మని విద్యార్థులకు చెప్పారు. 'ఫెయిల్' అన్న మాట పరీక్షాధికారి కంటపడితే మార్కులు పోతాయన్నది వారు చెప్పిన కారణం. నా దృష్టిలో ఆ రిపోర్టు మొత్తంలో ముందుగా చదవవలసిన పేజీ అదే.

ఈ లైబ్రరీ గురించి ఇంత పట్టింపు ఎందుకని పాఠకులు అడగవచ్చు. లైనక్స్ నడిచే చాలా కంప్యూటర్లలో ఒక ప్రోగ్రాము ఫైలు తెరవాలన్నా, మెమరీ అడగాలన్నా, వెబ్‌సైటు పేరును బట్టి చిరునామా కనుక్కోవాలన్నా, పేర్లను అక్షరక్రమంలో పేర్చాలన్నా దీన్నే ఆశ్రయిస్తుంది. మన భాషకు సంబంధించిన నెలల పేర్లు, వారాల పేర్లు కూడా ఇందులో ఒక ఫైలుగా ఉన్నాయి. 2018 ఆగస్టులో వచ్చిన 2.28 వెర్షన్‌లో అక్షరక్రమ నియమాలను కొత్త ప్రమాణానికి మార్చారు. పాత క్రమంలో సూచికలు తయారుచేసుకున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేసుల్లో, ఆ సూచికలను తిరిగి కట్టనిచోట, ఉన్న పేరు కూడా లేదని జవాబు రాసాగింది. ఇదే లైబ్రరీలో 2015 జనవరిలో బయటపడిన 'ఘోస్ట్' అనే భద్రతా లోపం ఇంకా బాధాకరం. ఆ పొరపాటు 2000 సంవత్సరం నాటి వెర్షన్ నుంచీ ఉంది. 2013లో ఒకరు దాన్ని సరిచేశారు కూడా. కానీ అది భద్రతకు సంబంధించినదని ఎవరూ గుర్తించి రాయకపోవడంతో, దీర్ఘకాలం వాడే లైనక్స్ పంపిణీలు (డిస్ట్రిబ్యూషన్లు) చాలా వరకు ఆ సవరణను తీసుకోక పాత లోపంతోనే నడిచాయి. చూసినదాన్ని చూసినట్టు రాసి పెట్టడం ఈ రంగంలో ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఇక టెస్టుల సంగతి. 'మేక్ చెక్' అనే ఆదేశం ఇస్తే కొన్ని వేల టెస్టులు వరుసగా నడిచి, ఫలితాలన్నీ 'టెస్ట్స్.సమ్' అనే ఒక ఫైలులో చేరతాయి. అందులో నెగ్గినవి, తప్పినవి మాత్రమే కాదు, తప్పుతాయని ముందే తెలిసి అలా గుర్తు పెట్టినవీ, ఈ యంత్రం మీద నడపడానికి వీలులేక పక్కన పెట్టినవీ వేరువేరుగా ఉంటాయి. చాలామంది విద్యార్థులు ఈ చివరి రెండింటినీ కూడా తప్పినవాటి కింద లెక్కవేసి బెంబేలెత్తుతారు. నిజంగా తప్పిన ప్రతి టెస్టుకూ దాని పేరుతోనే, చివర 'అవుట్' అన్న మాటతో, ఒక ఫైలు కట్టిన డైరెక్టరీలో ఉంటుంది. ఎందుకు తప్పిందో చాలావరకు అక్కడే రాసి ఉంటుంది. దాన్ని తెరవకుండానే లైబ్రరీ మొత్తాన్ని చెరిపి మళ్లీ మొదటి నుంచి కంపైల్ చేయడం మా ల్యాబుల్లో తరచుగా చూసే దుబారా.

మొన్న ఒక విద్యార్థిని తీసుకొచ్చిన జాబితాలో థ్రెడ్లకు (ఒకే ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే పనులకు) సంబంధించిన టెస్టులే ఎక్కువగా తప్పి ఉన్నాయి. వాటిలో ఒకదాని అవుట్ ఫైలు తెరిస్తే మొదటి వరుసలోనే, గడువు ముగిసినందున పిల్ల ప్రాసెస్‌ను (టెస్టు కోసం విడిగా ప్రారంభించిన ప్రోగ్రామును) ఆపివేసినట్టు ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. దాని కిందనే ఆపిన సమయం, చివరిసారి అది ఏదైనా రాసిన సమయం కూడా ఉన్నాయి. ఒక్కో టెస్టుకు మామూలుగా 20 సెకన్ల గడువు ఉంటుంది. పాత యంత్రంలో, అదీ ఎనిమిది పనులు ఒకేసారి నడపమని ఆదేశించినప్పుడు, లైబ్రరీలో ఏ దోషమూ లేకపోయినా ఆ గడువు చాలదు. మిగతా అవుట్ ఫైళ్లలో అదే వాక్యం కోసం వెతికితే తప్పినవాటిలో అధికభాగం ఈ కోవకే చెందాయి. 'టైమౌట్‌ఫ్యాక్టర్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (ప్రోగ్రాములు నడిచేటప్పుడు చూసుకునే అమరికకు) 10 అని ఇచ్చి గడువును పది రెట్లు పెంచి, ఆ టెస్టులను మాత్రమే ఒక్కొక్కటిగా మళ్లీ నడిపిస్తే అవన్నీ నెగ్గాయి. మొదట తప్పడం, కారణం కనుక్కోవడం, తర్వాత నెగ్గడం — ఈ మూడింటినీ ఆమె రిపోర్టులో రాసుకుంది. ఆ పేజీని చింపమనడానికి ఏ పరీక్షాధికారికైనా మనసెలా ఒప్పుతుంది?

పరిసరాల వల్ల తప్పేవి మరికొన్ని. వ్యవస్థను చ్‌రూట్‌లో, అంటే ఒక డైరెక్టరీనే మొత్తం వ్యవస్థగా చూపే వేరు వాతావరణంలో, కట్టేటప్పుడు ఫైళ్ల పనులకు చెందిన ఐఓ విభాగంలోని ఎల్‌సీహెచ్‌మోడ్ టెస్టు తప్పుతుందని ఈ పని చేసేవారికి ఎప్పటి నుంచో తెలుసు. మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసినది గడియారం గురించి. కళాశాలల్లోని పాత యంత్రాల్లో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుంది. వేసవిలో కరెంటు పోయి వచ్చేసరికి తేదీ ఏళ్ల వెనక్కు వెళుతుంది. అప్పుడు అంతకుముందు తయారైన ఫైళ్లు భవిష్యత్తులో తయారైనట్టు కనబడి, ఏది మళ్లీ కంపైల్ చేయాలో, కట్టే పనిని నడిపించే 'మేక్' ప్రోగ్రాము తేల్చుకోలేకపోతుంది. గడియారం తేడాగా ఉందని అది హెచ్చరిస్తుంది కూడా. వేలాది వరుసల మధ్య ఆ హెచ్చరిక కొట్టుకుపోతుంది కాబట్టి, పని మొదలుపెట్టే ముందు తేదీ చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

తప్పే టెస్టులు నడిపిన ప్రతిసారీ మారుతుంటే, లేదా కంపైలరే ఒకసారి ఒకచోట, మరోసారి మరోచోట కూలిపోతుంటే, సాఫ్ట్‌వేర్‌ను వదిలి ముందు యంత్రాన్ని అనుమానించాలి. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రామును ఒక రాత్రంతా నడిపితే పాడైన ర్యామ్ చాలావరకు బయటపడుతుంది. గణిత ప్రమేయాల (ఫంక్షన్ల) టెస్టుల్లో చివరి అంకె దగ్గర వచ్చే స్వల్ప తేడాలు ప్రాసెసర్‌ను, కంపైలర్‌ను బట్టి మారవచ్చు. ఎంత తేడాను అనుమతించారో, ఎంత వచ్చిందో అవుట్ ఫైలులో పక్కపక్కనే ఉంటాయి.

ఇవన్నీ తీసేశాక మిగిలేది ఒకటో రెండో అయినా, వాటిని వదలకూడదు. ఎవరో చెప్పారని చేర్చిన ప్రత్యేక కంపైలర్ ఆప్షన్లు తీసేసి మామూలు ఆప్షన్లతో ఖాళీ డైరెక్టరీలో కట్టి చూడాలి. అప్పటికీ అదే టెస్టు అదే చోట తప్పితే, ఆ వెర్షన్‌కు ఇతరులు నమోదు చేసిన లోపాల్లో వెతకాలి. అక్కడ లేకపోతే లైబ్రరీ నిర్వాహకులు లోపాలు నమోదు చేసుకునే బగ్‌జిల్లా వెబ్‌సైటులో వివరాలతో నమోదు చేయాలి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటినట్టు మీటరు చూపిస్తే మన రైతు మీటరునూ పారేయడు, ధాన్యాన్నీ కాలవలో పోయడు. కళ్లంలో ఆరబోసి మళ్లీ కొలిపించుకుంటాడు. పిల్లల నుంచి మనం కోరవలసిన ఓర్పు అంతే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. టెస్టులు తేలకముందే, ల్యాబులో అందరూ వాడే యంత్రం మీద పాత లైబ్రరీ స్థానంలో కొత్తదాన్ని ఇన్‌స్టాల్ చేసేవారున్నారు. అది చెడితే ఫైళ్ల జాబితా చూపే 'ఎల్ఎస్' నుంచి కాపీ చేసే 'సీపీ' దాకా దాదాపు ఏ ఆదేశమూ పనిచేయదు. సరిచేయడానికి కావలసిన పనిముట్లు కూడా ఆ లైబ్రరీ మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి, బయటి పెన్‌డ్రైవ్ నుంచి యంత్రాన్ని లేపడం తప్ప గత్యంతరం ఉండదు. కట్టిన డైరెక్టరీలోనే ఉండే 'టెస్ట్‌రన్' అనే స్క్రిప్టుతో, ఇన్‌స్టాల్ చేయకుండానే కొత్త లైబ్రరీ మీద ప్రోగ్రాములు నడిపి చూడవచ్చు. విద్యార్థులకు ఇది మొదటి రోజే చూపించాలి.

మీ పత్రిక ద్వారా కళాశాలల యాజమాన్యాలకూ, ప్రాజెక్టు మౌఖిక పరీక్షలకు వచ్చే అధ్యాపకులకూ నా విన్నపం ఇది. ఇలాంటి ప్రాజెక్టులో టెస్ట్స్.సమ్ ఫైలును యథాతథంగా జతచేయడం తప్పనిసరి చేయండి. ఎన్ని నెగ్గాయన్నదాన్ని బట్టి కాక, తప్పిన వాటిలో ఏదో ఒకదాన్ని అక్కడికక్కడే ఎంచి దాని అవుట్ ఫైలు తెరిపించి, కారణం అడిగి మార్కులు వేయండి. గంటల తరబడి నడిచే ఈ టెస్టుల కోసం యూపీఎస్ ఉన్న యంత్రాన్ని ల్యాబుకు ఒక్కటైనా కేటాయించి, సాయంత్రం తాళం వేసేటప్పుడు దాన్ని ఆపివేయవద్దని సిబ్బందికి చెప్పండి.

ఇట్లు,
ఒక ప్రయోగశాల సహాయకుడు,
అమలాపురం