పగడాలను తాకని డైవింగ్ నేర్పించాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అండమాన్ యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. విమానాలు, హోటళ్లు, సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్ గురించి వివరంగా రాశారు. స్కూబా డైవింగ్ గురించి మాత్రం రెండే వాక్యాలు ఉన్నాయి: ఈత రాకపోయినా చేయవచ్చు, ఫొటోలూ వీడియోలూ వాళ్లే తీసి ఇస్తారు. రెండూ నిజమే. కానీ అక్కడ మనం దిగేది ప్రాణమున్న పగడపు దిబ్బల మధ్యకు అని కూడా చెప్పి ఉండాల్సింది. విశాఖపట్నం, హైదరాబాద్, విజయవాడల నుంచి అండమాన్ వెళ్లే కుటుంబాలు, కొత్త దంపతులు చాలామంది జీవితంలో మొదటిసారి సముద్రం అడుగు చూసేది అక్కడే. వాళ్లకు ముందే నాలుగు మాటలు చెప్పగలిగింది మన పత్రికలే కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

నేను శిక్షణ తీసుకుని, సెలవు దొరికినప్పుడల్లా డైవింగ్‌కు వెళ్తుంటాను. అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి దగ్గర ఒకసారి, మొదటిసారి నీటిలోకి దిగిన యువకుడిని ఫొటో కోసం కొమ్మ పగడం పక్కనే మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఫొటో అయిపోయాక అతను లేవడానికి గట్టిగా కాళ్లు ఆడించాడు. ఈదడానికి పాదాలకు తొడిగే ఫిన్ అంచు తగిలి వేలెడంత కొమ్మలు కొన్ని పుటుక్కున విరిగి ఇసుకలో పడ్డాయి. విరిగిన చోట తెల్లటి సున్నం బయటపడింది. అడుగునుంచి లేచిన ఇసుక మెల్లగా మిగిలిన పగడం మీద పేరుకుంది. అతనికి ఇదేమీ తెలియదు. మాస్కులోంచి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, చెవుల నిండా బుడగల చప్పుడు, పైగా మొదటిసారి నీటి అడుగున ఊపిరి తీస్తున్న కంగారు. అతన్ని నేను తప్పుపట్టను. నీటిలోకి దించేముందు చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.

కొమ్మ పగడమైతే ఏడాదికి పది, ఇరవై సెంటీమీటర్లు పెరిగి కొన్నేళ్లకు ఆ లోటు పూడ్చుకోవచ్చు. బండరాయిలా కనిపించే పోరైటిస్ పగడం పెరిగేది ఏడాదికి ఇంచుమించు ఒక్క సెంటీమీటరే. రెండు మీటర్ల ఎత్తున్న పోరైటిస్ కనిపించిందంటే దాని వయసు రెండు వందల ఏళ్లు అటూ ఇటూ అనుకోవాలి. దాని మీద ఒక పడవ లంగరు పడితే చాలు, అన్నేళ్ల పెరుగుదల విరిగిపోవడానికి. విరగకపోయినా నష్టమే: పగడం పైన జిగురులాంటి పొర ఉంటుంది, రోగాల నుంచి దానికి అదే కాపు. చేత్తో నిమిరితే ఆ పొర చెదురుతుంది. మీద పడ్డ ఇసుకను వదిలించుకోవడానికి కూడా పగడం తన సత్తువనే ఖర్చు పెట్టాలి.

పగడాలకు అసలు ముప్పు సముద్రం వేడెక్కడం కదా, డైవర్లు జాగ్రత్తగా ఉంటే ఏం ఒరుగుతుంది అని కొందరు అడుగుతారు. ముప్పు అదేనన్నది నిజం. 1998, 2010, 2016 సంవత్సరాల్లో వేడి దెబ్బకు మన పగడాలు తెల్లబడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా పగడాలు నాలుగోసారి తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. లక్షద్వీప్‌లో పరిశీలించిన దిబ్బల్లో బతికున్న పగడాల విస్తీర్ణం 1998 తరువాత రెండు దశాబ్దాల పైచిలుకు కాలంలో సగానికి పడిపోయింది. అయితే తెల్లబడిన పగడం చనిపోయినట్టు కాదు. దానికి రంగునూ ఆహారాన్నీ ఇచ్చే సూక్ష్మ శైవలాలు వేడికి వెళ్లిపోతాయి, నీరు త్వరగా చల్లబడితే మళ్లీ చేరుతాయి. ఆ కోలుకునే నెలల్లో లంగరు, ఫిన్, బురద, ప్లాస్టిక్ వంటి దెబ్బలు తగలకుండా చూడడం మన చేతుల్లో ఉంది. సముద్రాన్ని చల్లబరచడం ఒక యాత్రికుడి వల్ల కాదు, ఇది మాత్రం అవుతుంది.

ఎలా అవుతుందో చూపిన అధ్యయనాలు ఉన్నాయి. ఈజిప్టులోని రాస్ మొహమ్మద్ నేషనల్ పార్కులో జరిపిన పరిశీలన 1997లో వెలువడింది. పగడం అంటే ఏమిటో, ఎందుకు తాకకూడదో వివరంగా చెప్పి నీటిలో చేసి చూపించాక, డైవర్లు పగడాలకు తగలడం మూడో వంతుకన్నా తక్కువకు పడిపోయింది. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో 353 మంది డైవర్లను గమనించిన మరో అధ్యయనం 2004లో వచ్చింది. అక్కడ దాదాపు నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా పగడానికి తగిలారు. కెమెరా చేతిలో ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ తగిలారు. పడవ మీద ఊరికే నాలుగు ముక్కలు చెప్పి వదిలేస్తే అక్కడ ఫలితం లేకపోయింది. వెంట ఉన్న గైడు నీటి కింద కలగజేసుకుని సర్దినప్పుడే తేడా కనిపించింది. నేను చూసినదానికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఒక గైడు ఎంతమందిని చూసుకుంటున్నాడన్నదే అన్నిటికన్నా ముఖ్యం.

అందుకే డబ్బు కట్టేముందు యాత్రికులు అడగాలి. ఒక్కో శిక్షకుడి వెంట ఎంతమందిని దించుతారు? ముందు ఇసుక మీద, లోతు లేని చోట సాధన చేయిస్తారా? పడవను నీటి మీద తేలుతూ ఉండే బోయాకు కడతారా, లంగరు వేస్తారా? చేపలకు మేత వేయడం, నక్షత్ర చేపను చేతిలో పెట్టి ఫొటో తీయడం వంటివి చేయిస్తారా? హేవ్‌లాక్‌లో డైవింగ్ కేంద్రాలు చాలా ఉన్నాయి, శ్రద్ధగా పనిచేసేవీ ఉన్నాయి. బేరమాడేటప్పుడు ధర ఒక్కటే అడిగితే, ధర ఒక్కటే తగ్గిస్తారు.

శిక్షణ పొందిన డైవర్ల బాధ్యత మరింత ఎక్కువ. నీటి మధ్యలో, పైకి తేలకుండా కిందికి దిగిపోకుండా నిలవడం అలవాటైతేనే పగడం దగ్గరకు వెళ్లాలి. ఊపిరి పీల్చితే కొద్దిగా లేస్తాం, వదిలితే కొద్దిగా దిగుతాం. ఆ కొలత ఒంటబట్టడానికి సమయం పడుతుంది. నీటిలోకి దిగడానికి నడుముకు కట్టుకునే సీసం బరువులు అవసరానికి మించి కట్టుకున్నవాళ్లు కాళ్లు కిందికి వేలాడేసి, పగడాలను తన్నుకుంటూ పోతారు. సిలిండర్‌లో గాలి ఎంత ఉందో చూపే మీటరు గొట్టాలు వదులుగా వేలాడితే అవీ గీరుకుంటాయి. కొంతకాలం డైవింగ్ మానినవాళ్లు తొలి రోజు ఇసుక నేల ఉన్నచోటే దిగడం మంచిది. విశాఖలోని రుషికొండలో డైవింగ్ శిక్షణ దొరుకుతోంది. పగడపు దిబ్బల మీద తప్పులు చేస్తూ నేర్చుకునేకన్నా, ఇక్కడే సాధన చేసి అండమాన్ వెళ్లవచ్చు కదా.

ఈ మాత్రం పట్టు చిక్కినవాళ్లు పగడాల స్థితిని నమోదు చేయడంలో కూడా సాయపడవచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టిన కోరల్‌వాచ్ అనే కార్యక్రమం ఒక రంగుల పట్టికను తయారుచేసింది. దాన్ని పగడానికి తగలకుండా పక్కన పట్టుకుని, పగడం రంగు ఆరు ఛాయల్లో దేనికి దగ్గరగా ఉందో పలక మీద రాసుకుని, తరువాత వివరాలు పంపాలి. అదే దిబ్బను వేర్వేరు నెలల్లో వేర్వేరు మంది చూసి రాస్తే, తెల్లబడడం ఎప్పుడు మొదలైందో, కోలుకుందో లేదో తెలుస్తుంది. మన దీవులు ఎంత దూరంగా పరుచుకుని ఉన్నాయో తెలిసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. ప్రతి దిబ్బ దగ్గరా ఒక శాస్త్రవేత్త ఉండలేరు, డైవర్లు మాత్రం సీజన్ పొడవునా వెళ్తూనే ఉంటారు. చిక్కుకున్న వలలు కనిపిస్తే మాత్రం లాగవద్దు. లాగితే వలతో పాటు పగడమూ ఊడివస్తుంది, మనమూ చిక్కుకోవచ్చు. చోటు గుర్తుపెట్టుకుని అనుభవజ్ఞులకు చెప్పడమే సరైన పని.

ఒడ్డున ఏరిన పగడపు ముక్కను బ్యాగులో వేసుకురావడం కూడా మానాలి. దిబ్బలు కట్టే పగడాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోకి చేర్చారు. సన్‌స్క్రీన్ విషయమూ ఉంది. పగడాలకు హాని చేస్తాయన్న ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు ఉన్న క్రీముల అమ్మకాన్ని అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 నుంచి నిషేధించింది. నిండు చేతుల ఈత చొక్కా వేసుకుంటే క్రీము అవసరమే చాలావరకు తగ్గుతుంది.

పసిఫిక్ మహాసముద్రంలోని పలావు దేశం 2017 డిసెంబరు నుంచి, వచ్చే ప్రతి యాత్రికుడి పాస్‌పోర్టు మీద ప్రకృతికి హాని చేయనన్న ప్రతిజ్ఞను ముద్రించి సంతకం చేయిస్తోంది. అండమాన్ పాలనాయంత్రాంగం అంత దూరం వెళ్లకపోయినా ఒక పని సులభంగా చేయవచ్చు. పూర్వపు పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం నుంచి హేవ్‌లాక్‌కు ఫెర్రీలో దాదాపు రెండు గంటల ప్రయాణం. ఆ సమయంలో పది నిమిషాల చిత్రం హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగులో చూపించమనండి. నీటిలోకి దిగేవాళ్లలో చాలామంది ఆ పడవల్లోనే వస్తారు. మన ట్రావెల్ ఏజెన్సీలు యాత్రికులకు ఇచ్చే కాగితంలో భోజన వేళలతో పాటు ఈ జాగ్రత్తలూ చేర్చాలి. మీరు కూడా ఇకపై అండమాన్, లక్షద్వీప్ యాత్రల గురించి రాసిన ప్రతిసారీ, డైవింగ్ కేంద్రాన్ని ఏ ప్రశ్నలు అడగాలో ఒక చిన్న పెట్టెలో ప్రచురించాలని కోరుతున్నాను. సీజన్ మొదలయ్యే అక్టోబరుకు ముందే అది వస్తే ఎక్కువమందికి చేరుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశాఖపట్నం