ఆదివారం చర్చకు: జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్

సభ్యులందరికీ నమస్కారం. స్టాన్లీ క్రేమర్ 1961లో తీసిన ఈ చిత్రాన్ని ఆదివారంలోగా చూడవలసిందిగా మనవి. నాజీ న్యాయాధికారులపై 1947లో అమెరికన్లు నడిపిన విచారణ దీనికి ఆధారం. పాత్రలు మాత్రం కల్పితాలు. బర్ట్ లాంకాస్టర్ పోషించిన న్యాయమూర్తి యానింగ్ చాలాసేపు మౌనంగా కూర్చుని, చివరకు తన తరఫు న్యాయవాది వాదనను తానే కాదని నేరం ఒప్పుకునే ఘట్టాన్ని శ్రద్ధగా గమనించండి. అంతకన్నా ముఖ్యంగా, బెర్లిన్ దిగ్బంధం (1948లో పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లే దారులను సోవియట్లు మూసేయడం) నాటికి జర్మన్ల మద్దతు అవసరమైన అమెరికన్ అధికారులే శిక్షలు తేలికగా ఉండాలని కోరుకోవడం చూడండి. నా దృష్టిలో న్యాయం విషయంలో రాజీ పడవచ్చా అనే ప్రశ్న అక్కడే అత్యంత తీవ్రంగా ఎదురవుతుంది. నిడివి సుమారు 3 గంటలు. నిర్బంధ శిబిరాల వాస్తవ దృశ్యాలు ఉన్నందున పిల్లలను దూరంగా ఉంచండి.