రోడ్డు మీద వద్దంటే సరే, మరి ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

అర్ధరాత్రి రోడ్ల మీద రేసులు పెట్టుకుని పట్టుబడ్డ కుర్రాళ్ల వార్తలు పత్రికల్లో తరచూ చదువుతున్నాం. పోలీసులు బళ్లు సీజ్ చేసి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తున్నారు. చేయాల్సిందే. దారిన పోయేవాళ్ల ప్రాణాలతో ఆడుకునే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ కుర్రాడు ‘సరే సార్, మరి ఎక్కడ తోలమంటారు?’ అని అడిగితే చెప్పడానికి మన జిల్లాల్లో ఎవరి దగ్గరా సమాధానం లేదు. నా బాధంతా అదే.

రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్ల రేసు అనగానే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు గుర్తొస్తుంది. మరుసటి ఏడాది జరగాల్సిన పోటీ రద్దయింది. దాని చుట్టూ నడిచిన రాజకీయాల జోలికి నేను వెళ్లను. ఆ పోటీ జరిగినా, ఆగినా మన ఊళ్లో స్టీరింగ్ పట్టాలనుకునే పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. వాడికి కావాల్సింది పది కిలోమీటర్ల దూరంలో ఒక మట్టి మైదానం.

కోయంబత్తూరునే తీసుకోండి. మిల్లులు, మోటార్లు, లేత్ షాపుల ఊరు. అక్కడి కరివర్ధన్ అనే రేసర్ మారుతి 800 ఇంజన్‌తో తక్కువ ఖర్చులో ఫార్ములా మారుతి కార్లు తయారుచేశారు. అలాంటి కార్లలో పోటీలు మొదలుపెట్టిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ పేరు మీద ఆ ఊళ్లో ఇప్పుడు రేస్ ట్రాక్ కూడా ఉంది. మద్రాసు వాళ్లయితే శ్రీపెరుంబుదూరు దగ్గర సొంత ట్రాక్ కట్టుకోకముందు షోళవరంలోని పాత యుద్ధకాలపు రన్‌వే మీదే ఏళ్ల తరబడి రేసులు నడిపారు. మన దొనకొండలోనూ అలాంటి పాత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. చేతిపని మాటకొస్తే, విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలు ఎవరికీ తీసిపోరని ఇక్కడ విడిభాగాల వ్యాపారం చేసే నేను గట్టిగా చెప్పగలను.

మొదలుపెట్టడానికి ట్రాక్ కూడా అక్కర్లేదు. ఆటోక్రాస్ చాలు. చదును చేసిన మట్టి నేల, దారి చూపించే ప్లాస్టిక్ కోన్లు, టైము కొలిచే ఏర్పాటు. సాధారణంగా ఒక కారు వెళ్లొచ్చాకే ఇంకొకటి బయల్దేరుతుంది, పోటీ టైముతోనే. కోన్ తగిలితే టైముకు అదనపు సెకన్లు కలుపుతారు. తమిళనాడులో ఒకసారి ఇలాంటి పోటీ చూశాను. స్టార్ట్ లైన్‌కు రాకముందే తనిఖీ చేసేవాళ్లు ప్రతి కారు బానెట్ ఎత్తించారు. బ్యాటరీని చేత్తో పట్టుకుని ఊపి చూశారు. సీట్ బెల్టు లాగి చూశారు. ఒక పాత మారుతి 800లో బ్యాటరీ క్లాంప్ కాస్త కదిలింది, అంతే, వెనక్కి పంపారు. డోర్ పాకెట్‌లో ఉన్న నీళ్ల సీసా కూడా తీయించారు. అది దొర్లి బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంటే ఏమవుతుందో ఆ కుర్రాడికి ఓపిగ్గా చెప్పారు. క్లాంప్ బిగించుకుని, హెల్మెట్ పెట్టుకుని వాడు మళ్లీ లైన్‌లోకి వచ్చాడు. మన రోడ్ల మీద ఇంత జాగ్రత్తగా బండి చూసుకుని బయల్దేరేవాళ్లు ఎందరు?

ఇది డబ్బున్నవాళ్ల ఆట అంటారు. పైస్థాయిలో నిజమే, కింద కాదు. సంక్రాంతికీ తిరునాళ్లకూ మన ఊళ్లలో ఎడ్ల బండలాగుడు పోటీలు నడుస్తున్నది ఎవరి డబ్బుతో? కమిటీ వేసుకుంటారు, ఒక్కో బహుమతికి ఒక్కో దాత ముందుకొస్తాడు, మైకులో పేరు చదువుతారు. టైర్ల డీలర్లు, ఆయిల్ కంపెనీల ఏజెంట్లు, షోరూముల వాళ్లు ఆటోక్రాస్‌కు ఆ మాత్రం చెయ్యి వెయ్యలేరా? మా ఆటోనగర్ వ్యాపారులను అడిగే బాధ్యత నేనే తీసుకుంటాను. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ‘బాజా’ అనే విద్యార్థుల పోటీల కోసం ఎగుడుదిగుడు నేల మీద నడిచే చిన్న బళ్లు, అంటే బగ్గీలు, సొంతంగా కట్టి మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ దాకా మోసుకెళ్లిన సందర్భాలున్నాయి. వాళ్లకు ఇంటి దగ్గరే నడిపి చూసుకునే చోటు దొరికితే ఎంత మేలు!

చిక్కల్లా అనుమతి దగ్గరే. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనాల వేగపు పోటీ జరగనిచ్చినా, అందులో పాల్గొన్నా మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అనుమతి తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. ఆ కాగితం కోసం రవాణా శాఖకు వెళ్లాలా, పోలీసులకు పెట్టుకోవాలా, కలెక్టరేట్‌లో ఇవ్వాలా అన్నది మామూలు మనిషికి తెలియదు. తెలియకే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

రెండు ప్రభుత్వాలకూ నా విన్నపం ఇది. ప్రతి జిల్లాలో క్రీడా శాఖ ఒక ఖాళీ మైదానాన్ని గుర్తించి, మూడు నెలలకో ఆదివారం దీనికి కేటాయించాలి. దరఖాస్తు ఒకే చోట తీసుకుని, ఇన్ని రోజుల్లో ఔననో కాదనో చెప్పాలి. అంబులెన్స్, ఫైర్ సిబ్బంది, బీమా, జెండాలు పట్టే శిక్షణ పొందిన మార్షల్స్ లేకుండా ఎవరికీ అనుమతి ఇవ్వొద్దు. దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను నడిపే ఎఫ్ఎంఎస్‌సీఐ నిబంధనలు ఎలాగూ ఉన్నాయి, వాటినే పాటించమనండి. ఆడపిల్లలకు విడిగా ఒక విభాగం మొదటి పోటీ నుంచే పెట్టాలి. రోడ్డు మీద పట్టుబడ్డ కుర్రాళ్లకు కౌన్సెలింగ్‌తో పాటు వచ్చే పోటీ తేదీ, మైదానం అడ్రసు ఉన్న కాగితం కూడా ఇచ్చి పంపాలి.

– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ