ఆరోగ్య శాఖ మంత్రి గారికి: 2001కి ముందు రక్తం ఎక్కించుకున్న మా అమ్మల గురించి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను 1993లో పుట్టాను. పెద్దాపరేషన్. అమ్మకు రక్తం బాగా పోతే రెండు సీసాలు ఎక్కించారు. రక్తం ద్వారా సోకి లివర్‌ను దెబ్బతీసే వైరస్ హెపటైటిస్ సి. దాతల రక్తానికి ఆ పరీక్ష మన దేశంలో తప్పనిసరి అయింది 2001లో.

ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు అమ్మ నాట్లకు వెళ్లింది, మిషన్ కుట్టింది. నీరసమంటే వయసు అనుకున్నాం. ఒకసారి జ్వరమొచ్చి ప్లేట్‌లెట్లు లక్షా పదివేలకు పడితే డెంగీ కావచ్చన్నారు. జ్వరం తగ్గాక మళ్లీ ఎవరం చూడలేదు. లివర్ గట్టిపడితే ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లు తగ్గుతాయని మాకేం తెలుసు? ఆ కాగితం ఇప్పుడు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చివరికి శుక్లాల ఆపరేషన్ ముందు పరీక్షలో హెపటైటిస్ సి ‘రియాక్టివ్’ అని, అంటే వైరస్ సోకి ఉండొచ్చని వచ్చింది. కాగితం చేతిలో పెట్టి పంపేశారు, ఎక్కడికెళ్లాలో చెప్పలేదు. అప్పటికే లివర్ దెబ్బతిని ఒంట్లో నీరు చేరి, సాయంత్రాలు అమ్మ పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండేది.

ఈ వైరస్ సోకిన వందలో సుమారు ముప్పై మందికి ఆరు నెలల్లోపు దానంతటదే పోతుంది. మిగతావాళ్లలో చప్పుడు చేయకుండా తిష్ఠ వేస్తుంది. వాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి ఇరవై ఏళ్లలో సిర్రోసిస్, అంటే లివర్ గట్టిపడే జబ్బు వస్తుంది. మద్యం తోడైతే ఇంకా త్వరగా ముదురుతుంది. చుక్క ముట్టని మా అమ్మను కూడా ‘తాగేవాళ్ల జబ్బు’ అన్నారండీ!

2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితం. మామూలుగా 12 వారాల మాత్రలతో 95 శాతం మందికి పైగా నయమవుతుంది. అమ్మకు ముదిరింది కాబట్టి 24 వారాలు వాడాం. వైరస్ పోయింది, లివర్‌లో గట్టిపడిన భాగం అలాగే ఉంది. క్యాన్సర్ వస్తుందేమోనని ఆరు నెలలకోసారి స్కానింగ్, ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో టెన్షన్.

బీపీ, షుగర్ చూడ్డానికి వచ్చే ఏఎన్‌ఎం, ఆశా అక్కల చేత ఒక్క ప్రశ్న అడిగించండి: “2001కి ముందు రక్తం ఎక్కించుకున్నారా?” అవునంటే వేలి నుంచి చుక్క తీసి పరీక్ష చేయించండి. పాజిటివ్ వస్తే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) శాంపిల్‌ను పీహెచ్‌సీ నుంచే పంపించండి, మనిషిని జిల్లా కేంద్రానికి తిప్పకండి. డయాలసిస్ రోగులకూ, తరచూ రక్తం ఎక్కించుకోవాల్సిన తలసేమియా పిల్లలకూ ఈ పరీక్ష క్రమం తప్పకుండా జరగాలి.

అమ్మ ఈడువాళ్లలో, కాన్పులో రక్తం ఎక్కించుకున్నవాళ్లు మా వీధిలోనే ఇంకో ఇద్దరున్నారు. వాళ్లకు పరీక్ష ఎప్పుడు చేయిస్తారో చెప్పండి.

ఇట్లు,
ఒక కూతురు